ఎడమ ప్రక్కన నిలిచిన నవ్వు

(ప్రసంగ పాఠము)



హైదరాబాదు నగరము నుండి పడమటి దిక్కుగా శంకరపల్లి దారి పట్టి పోయినచో దొంతన్‌పల్లి అను గ్రామము వచ్చును. చేవెళ్ళ, మొయినాబాదు దానికి చేరువలోనివే. వ్యవసాయమే ఆధారముగా బ్రతికిన ఆ నేలమీద ఇప్పుడొక విశ్వవిద్యాలయము వెలసినది. మా మేనల్లుడొకడు అక్కడ చదువుచున్నాడు. మొన్న ఒక సాయంకాలము వానిని చూడబోయినాను. ఊరి మొదట ఛాయ్ దుకాణము ముందర బల్లమీద కూర్చున్నాము. వాడు తన ఫోనులో ఒక పాట వినిపించి, "మామా, ఇది ఆస్ట్రేలియా వాళ్ళ పాట. రేడియోలో వెయ్యొద్దని ఆపేసినారట. పెద్దమనుషుల ముందట నిలబడి పెద్దమనుషులనే ఎక్కిరించినారు. మన దాంట్ల ఇంత ధైర్యమున్న పాటగాళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అడిగినాడు.

వాడు వేళాకోళముగానే అడిగినాడు. నేను మాత్రము ఇల్లు చేరిన తరువాత కూడ ఆ ప్రశ్నను మరువలేకపోయినాను. ఉన్నారు. వారి చేతిలో గిటారు లేదు గాని తంబుర ఉన్నది. వారిని కూడ ప్రభుత్వములు వలదన్నవి. తరువాత ప్రభుత్వములే సన్మానించినవి. ఛాయ్ చల్లారులోగా చెప్పలేకపోయిన ఆ సమాధానమును ఈనాడు మీ సమక్షమున చెప్పుటకు ప్రయత్నింతును.

ముందుగా వాడు వినిపించిన బృందమును గురించి రెండు మాటలు. ఆస్ట్రేలియాలో మద్యశాలను హోటలనియే వ్యవహరింతురు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1916 ప్రాంతములో, అచ్చటి అనేక రాష్ట్రములలో ఈ శాలలను సాయంకాలము ఆరు గంటలకే మూసివేయవలెనని శాసనము చేసినారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1955 వరకు, విక్టోరియాలో 1966 వరకు ఆ నిబంధన నిలిచినది. అది తొలగిన తరువాత రాత్రివేళలు తెరచియుండు ఆ పెద్ద పెద్ద శాలలకు జనమును రప్పించుటకు పాటగాండ్రు కావలసివచ్చినారు. పగలంతయు పనిచేసి అలసి వచ్చిన జనము, పొగ, కేకలు, గ్లాసుల చప్పుడు. ఆ చప్పుడును మించి వినిపింపగలవాడే అక్కడ పాటగాడు. అట్లు పుట్టిన సంగీతమునకే పబ్ రాక్ అని పేరు వచ్చినది.

ఆ శాలలలో పాడినవారిలో స్కైహుక్స్ అను బృందము 1973లో మెల్బోర్న్ నగరమున ఏర్పడినది. గ్రెగ్ మెకేన్ష్ అనునతడు వారి పాటలను పెక్కింటిని వ్రాసినాడు. గ్రేమ్ స్ట్రాకన్ ముఖ్య గాయకుడు. ముఖములకు రంగులు పూసికొని, చిత్రవిచిత్రమైన వేషములు ధరించి, ఎక్కడిదో అమెరికాను గాక తమ మెల్బోర్న్ వీధులనే పేరుపెట్టి పాడినారు. ధనికులు నివసించు పేటలోని పిల్లల డాబును, తమ వయసువారి వెర్రిని, నగరములోని మత్తుమందుల వ్యాపారమును కూడ విడువక పరిహసించినారు. 1974లో వెలువడిన వారి మొదటి సంపుటములో పది పాటలున్నవి. అందులో ఆరింటిని వాణిజ్య రేడియో కేంద్రములు ప్రసారమునకు తగవని నిషేధించినవి. అయినను ఆ సంపుటము ఆ దేశమున విశేషముగా అమ్ముడుపోయినది. 1975 జనవరి 19వ తేదీన ప్రభుత్వ ప్రసార సంస్థ వారు సిడ్నీలో యువజనుల కొరకు డబుల్ జే అను క్రొత్త కేంద్రమును ప్రారంభించినప్పుడు మొట్టమొదట వినిపించిన పాట ఏది? వాణిజ్య కేంద్రములు మూసిపెట్టిన స్కైహుక్స్ పాటలలో ఒకటి! ఆ బృందము 1980లో విడిపోయినది. ముఖ్య గాయకుడు స్ట్రాకన్ పిల్లల కొరకు టెలివిజను కార్యక్రమము నడిపినాడు. 2001లో తాను నడుపుచున్న హెలికాప్టరు కూలి మరణించినాడు.

నిషేధించిన పాటగాడే చివరకు ఇంటింటి పిల్లలకు ఇష్టుడైనాడు. వెక్కిరింతకు తరచుగా ఇదే జాతకము. మొదట తలుపు మూయుదురు, తరువాత పీట వేయుదురు. ఈ రెంటిలో ఏది దానికి ఎక్కువ ప్రమాదకరము? ఈ ప్రశ్ననే మన తెలుగు బృందము ముందుంచి చూతము.

మన బృందములో ముగ్గురుందురు. నడుమ కథకుడు. తలపాగా, దానికొక తురాయి, పొడుగైన అంగరఖా, కాళ్ళకు గజ్జెలు. భుజముమీద తంబుర, వ్రేళ్ళకు అందెలు. అతనికి ఇరువైపుల డక్కీలు పట్టుకొని ఇద్దరు వంతలు. బుర్రవలె డొల్లగా ఉండి మ్రోగు ఆ తంబురను బట్టియే దీనికి బుర్రకథయని పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. వంతపాటలోని పల్లవిని బట్టి తందాన కథయని కూడ అందురు. పూర్వము దీనిని జంగము కథయనేవారు. జంగమదేవర కథ చెప్పుచుండగా ఆయన భార్యలు వంత పాడుచు ఊరూర తిరిగి వీరగాథలు వినిపించేవారు.

ఇందులో వంతలిద్దరికి వేర్వేరు బాధ్యతలున్నవి. కథకుని కుడి ప్రక్కనున్నవాడు రాజకీయ వంత. లోకము పోకడ తెలిసినవాడు. నూరేండ్ల క్రిందటి యుద్ధమును చెప్పుచుండగా నేటి ధరలను, నేటి ఏలికలను తెచ్చి ఎదుట నిలుపును. ఎడమ ప్రక్కనున్నవాడు హాస్య వంత. వానికి ఏమియు తెలియదు. లేదా తెలియనట్లు నటించును. మహావీరుడు కత్తి దూసిన ఘట్టములో ఇంటివద్ద ఆలికి చెప్పి వచ్చినాడా అని అడుగును. రాజుగారి కొలువు వర్ణింపగా, అంత మంది కూర్చుండి తినునప్పుడు వండినదెవరు అని సందేహపడును. కథకుడు విసుగు నటించును, జనము నవ్వును. కాని ఆ నవ్వులో ఒక నిజమున్నది. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి ముందు, నేలమీద కూర్చున్నవాడు అడుగలేని ప్రశ్నను అడుగుటకు లైసెన్సు గలవాడు ఆ సభలో వాడొక్కడే. హాస్య వంత కథకు అలంకారము కాదు. సభలోని జనమునకు ప్రతినిధి.

ఈ ముగ్గురి మేళమును 1942-43 నాటికి గుంటూరు ప్రాంతపు యువకులు క్రొత్త పనికి పూన్చినారు. అది యుద్ధకాలము. 1943లో వంగదేశమున ఘోరమైన కరువు వచ్చి లక్షలాది ప్రజలు మరణించినారు. ఆ ఏడే బొంబాయిలో అఖిల భారత ప్రజా నాటక సంఘము, దాని శాఖగా మన ప్రాంతమున ప్రజానాట్యమండలి ఏర్పడినవి. డాక్టరు గరికపాటి రాజారావు వంటివారు నాటకములను నడిపినారు. సుంకర సత్యనారాయణ కథలు కట్టినారు. కథ చెప్పుటకు దొరికిన కంఠము షేక్ నాజర్.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద పింజారి కుటుంబమున జన్మించినాడు. ప్రత్తి ఏకుట ఆ కులమువారి వృత్తి. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్యగారి వద్ద సంగీతము నేర్చినాడు. సాంప్రదాయ సంగీతములో తీర్చిన గొంతు, పల్లెలో పెరిగిన నాలుక, ఈ రెండును ఒకచోట కలిసినవి. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథ, బెంగాలు కరువు కథ, ఇట్లు ప్రాతకథను, నిన్నటి వార్తను ఒకే తంబురమీద పలికించినాడు. బ్రహ్మనాయుని చాపకూడును గూర్చి ముస్లిము ఇంట పుట్టినవాడు చెప్పుచుండగా సకల కులములవారు ఒకే చాపమీద కూర్చుండి వినినారు. కథలోని నీతిని వేరుగా బోధింపవలసిన పని లేకపోయినది.

ఆ ముగ్గురు నిలుచుటకు ఒక బల్లకట్టు, ఒక దీపము చాలును. టిక్కెట్టు లేదు, తెర లేదు. అక్షరము రాని రైతుకు కూడ పత్రిక చేయు పనిని కథ చేసినది. ఆ సంగతి ప్రభుత్వములకు త్వరలోనే తెలిసినది. అటు మద్రాసు ప్రభుత్వమును, ఇటు నిజాం ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. ఆలోచించి చూడుడు. ఒక వైపు సైన్యము, పోలీసులు, ఖజానా. రెండవ వైపు ఒక తంబుర, రెండు డక్కీలు. భయపడినది ఎవరు?

మన తెలంగాణమున నాటి స్థితి మరింత గట్టిది. నగరము చుట్టునున్న అత్రాఫె బల్దా ప్రాంతములో విశేష భాగము నిజాం ప్రభువు సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూములు. 1949లోగాని అవి ప్రభుత్వ భూములలో కలియలేదు. సంస్థానములో సభ జరుపవలెనన్నచో గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు క్రింద ముందుగా అనుమతి పొందవలసియుండేది. సభకు అనుమతి లేనిచోట కథయే సభయైనది. నల్లగొండ ప్రాంతమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ మొదలగు జానపద రూపములనన్నిటిని దొరల పెత్తనముమీద ప్రయోగించినాడు. గొల్లసుద్దులలో కూడ వెక్కిరింతయే ప్రాణము. గొంగడి భుజముమీద వేసికొని, కర్ర చేతబట్టి, అమాయకునివలె దొరను గూర్చి దొర ఊరిలోనే అడుగుట సామాన్యమైన సాహసము కాదు. తిరునగరి రామాంజనేయులు తెలంగాణ వీరయోధుల గాథను బుర్రకథగా వ్రాసినాడు. మెల్బోర్న్ గాయకులు ఎక్కువలో ఎక్కువ ఒక రేడియో ప్రసారమును పోగొట్టుకొన్నారు. మనవారు చెరసాలకు, లాఠీకి, ప్రాణహానికి సిద్ధపడి నవ్వించినారు. మా మేనల్లునికి నేను చెప్పవలసిన మొదటి సమాధానమిది.

రెండవ సమాధానము ఇంత సంతోషకరమైనది కాదు.

1948 తరువాత కమ్యూనిస్టు పక్షముపై నిర్బంధము రాగా ప్రజానాట్యమండలి చెల్లాచెదరైనది. కళాకారులలో పలువురు మద్రాసు చేరి చలనచిత్రములలో ప్రవేశించినారు. గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు అను చిత్రమును నిర్మించినాడు. జమున, అల్లు రామలింగయ్య తెరకు పరిచయమైనది ఆ చిత్రముతోనే. 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రములో నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉన్నది. నిన్నటివరకు మైదానములో వినుటకు వీలులేని కంఠమును ఇప్పుడు టిక్కెట్టు కొని వినినారు. ఆ సంవత్సరమే, 1954లో, భారత ప్రభుత్వము ప్రణాళికల ప్రచారమునకు సంగీత నాటక విభాగమును నెలకొల్పినది. క్రమముగా దేశములోని జానపద కళారూపములు అనేకము ప్రభుత్వ ప్రచారమునకు ఉపకరణములైనవి. బుర్రకథలో కుటుంబ నియంత్రణము, చిన్న మొత్తముల పొదుపు, మంచి ఎరువులు, టీకాలు వచ్చి చేరినవి.

ఇవి చెడ్డ విషయములని నేననను. టీకా వేయించుకొనుమని పాడుట పుణ్యకార్యమే. ఆ ప్రదర్శనలవలన ఎందరో పేద కళాకారుల ఇండ్లలో పొయ్యి వెలిగినది. అయినను ఒక్క విషయమును గమనింపవలెను. కథకుడు పథకమును పొగడవచ్చును. రాజకీయ వంత దానిని సమర్థింపవచ్చును. హాస్య వంత ఏమి చేయవలెను?

నా చిన్ననాడు మా ఊరి చావడి ముందు చూచిన సంగతి ఒకటి చెప్పుదును. పొదుపును గూర్చి బుర్రకథ జరుగుచున్నది. ముందు వరుసలో కుర్చీలు వేసి అధికారులను కూర్చుండబెట్టినారు. కథకుడు దినమునకు ఒక అణా దాచినచో ఎంత మేలో లెక్కగట్టి పాడినాడు. హాస్య వంత తలగోకికొని, "అన్నా, దాచుమంటివి, బాగానే ఉన్నది. మరి మిగిలేదెట్లనో గూడ రెండు ముక్కలు చెప్పరాదే!" అన్నాడు. అది వ్రాసియిచ్చిన మాట కాదని కథకుని ముఖము చూడగానే తెలిసినది. వెనుక నేలమీద కూర్చున్న జనము ఒక్కసారిగా నవ్వినారు. ఆ నవ్వు ఎంతసేపటికిని ఆగలేదు. మా నాయన కన్నులు తుడుచుకొనుట చూచినాను. అది నవ్వువలననో, మరి దేనివలననో నాకప్పుడు తెలియలేదు. మరుసటి సంవత్సరము ఆ బృందమే మరల వచ్చినది. కథకుడున్నాడు, కుడి ప్రక్క వంత ఉన్నాడు. ఎడమ ప్రక్కన వేరొకడు నిలిచినాడు. వాడు చెప్పిన హాస్యములన్నియు పెండ్లాము వంటను గూర్చియు, అత్తగారి గయ్యాళితనమును గూర్చియు. జనము నవ్వినారు. లేచి ఇండ్లకు పోయినారు.

నిషేధము వచ్చిన రోజులలో హాస్య వంత నోరు మూతపడలేదు. ఆ మాటను ఒక ఊరు కాకున్న మరొక ఊరిలో, పగలు కాకున్న రాత్రి చెప్పినాడు. ఆదరణ వచ్చిన రోజులలో వాని నోరు మూయవలసిన పనియే లేకపోయినది. వాని మాటను మరొకరు వ్రాసియిచ్చినారు, అంతియే. వెక్కిరింతకు అరచుట అవసరము కాదు. తన మాటను తానే ఎన్నుకొనుట అవసరము. ఆ స్వేచ్ఛ పోయిన తరువాత డక్కీ మ్రోగును, గజ్జె ఆడును, కథ మాత్రము కదలదు.

అయితే నాజర్ ఏమైనాడు? ఆదరణలో కరగిపోయినాడా? ఆయన జీవితము చివరివరకు కథలు చెప్పినాడు. శిష్యులను తయారుచేసినాడు. బుర్రకథ పితామహుడని జనము పిలిచినారు. 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చినది. ఏ కళను ఒకనాడు ప్రభుత్వములు నిషేధించినవో ఆ కళకే ఈ గౌరవము దక్కినది. 1997లో ఆయన కన్నుమూసినాడు. ఆయన చెప్పగా డాక్టరు అంగడాల వెంకట రమణమూర్తి గ్రంథస్థము చేసిన ఆత్మకథ ఒకటి ఉన్నది. దానికి ఏమి పేరు పెట్టినారో తెలియునా? పద్మశ్రీ అనలేదు, పితామహుడనలేదు. "పింజారి" అని పెట్టినారు.

శ్రోతలు ఈ పేరును ఒక్క నిమిషము తలపోయవలెను. పింజారి అను మాట ఒక వృత్తికులము పేరు. దానినే మన సంభాషణలో తిట్టుగా వాడు దుర్మార్గము కూడ ఉన్నది. బిరుదులన్నియు వచ్చిన తరువాత, ఏ మాటతో లోకము తనవారిని తక్కువ చేసినదో ఆ మాటనే అట్టమీద పెద్ద అక్షరములతో వేయించి మన చేతికిచ్చినాడు. దుకాణములో ఆ పుస్తకమును అడుగవలెనన్నచో ఆ మాటను మనము నోటితో పలుకవలెను. పలుకునప్పుడు కొంచెము సిగ్గుపడవలెను. ఆ సిగ్గు రచయితది కాదు, మనది. హాస్య వంత చేసెడి పని సరిగా ఇదియే. కథకుడై నడుమ నిలిచిన నాజర్ తన కడపటి మాటను ఎడమ ప్రక్కకు జరిగి పలికినాడని నాకు తోచును.

కావున నిషేధమున్నంత మాత్రమున వెక్కిరింత బ్రతుకదు. సన్మానము వచ్చినంత మాత్రమున చావదు. ఆ ఎడమ ప్రక్క స్థానములో నిలుచువాడు తన ప్రశ్నను తానే అడుగుచున్నాడా, లేక ఒకరు వ్రాసియిచ్చినది చదువుచున్నాడా అనుటలోనే ఉన్నది దాని ఆయుర్దాయము. మెల్బోర్న్ గిటారుకైనను, పొన్నెకల్లు తంబురకైనను, రేపు దొంతన్‌పల్లి విద్యార్థులు కట్టబోవు పాటకైనను ఇదియే పరీక్ష.

ఇందులో వినువారికి కూడ కొంత బాధ్యత కలదు. జాతరలోనో, పాఠశాల వార్షికోత్సవములోనో, ఈ రేడియోలోనో బుర్రకథ వినునప్పుడు కథకుని గాత్రమును మెచ్చుకొనుడు, వీరుని శౌర్యమునకు పొంగుడు. కాని ఎడమ ప్రక్కవాని మాటను చెవియొగ్గి వినుడు. వాడు మీ పక్షమున ఏమైన అడిగినాడా? అడిగినచో గట్టిగా నవ్వుడు. ఆ నవ్వే వానికి రక్షణ. అత్తగారి మీది పాత హాస్యములనే చెప్పినచో నవ్వకుడు. ఎందుకు నవ్వలేదో వానికి తెలియును.

మా మేనల్లుడు ఈ ప్రసంగమును వినుచున్నాడో లేదో తెలియదు. వినుచున్నచో వానికొక మాట. నాయనా, మనవాళ్ళలో అట్టివారు ఉన్నారాయని అడిగినావు. ఉన్నారు. మీ హాస్టలు ప్రక్కనున్న ఊరిలో ముసలివారిని తందాన కథ ఎప్పుడైన విన్నారాయని అడిగి చూడు. వారికి కథ అంతయు గుర్తుండకపోవచ్చును. ఎడమ ప్రక్కవాడు ఆనాడు ఎవరిని ఏమన్నాడో మాత్రము తప్పక గుర్తుండును.

సెలవు.